కుట్లు విప్పిన గాయం: తెరిచి ఉంచాలా, మళ్లీ కుట్టాలా?

సిజేరియన్ లేదా గర్భసంచి ఆపరేషన్ తర్వాత కుట్ల దగ్గర చీము పడితే మొదట చేసేది ఒకటే. అక్కడి కుట్లు విప్పి చీము తీసేయాలి, చచ్చిన కండ తొలగించాలి, సెలైన్‌తో కడగాలి. అసలు ప్రశ్న ఆ తర్వాతే.

తెరిచి ఉంచితే గాయం అడుగు నుంచి పైకి నెమ్మదిగా పూడుతుంది. మళ్లీ మత్తు అక్కర్లేదు, లోపల చీము చిక్కుకుపోదు. కానీ రోజూ డ్రెస్సింగ్, నొప్పి. పెద్ద గాయం మానడానికి 8–10 వారాలు కూడా పట్టవచ్చు. పసిబిడ్డకు పాలిస్తూ, నిద్ర లేక నలిగిపోయే తల్లికి ఇదెంత భారమో చాలామంది గుర్తించరు.

మళ్లీ కుడితే చాలామందికి 2–3 వారాల్లో మానుతుంది. అయితే జ్వరం తగ్గాలి, చీము పూర్తిగా ఆగాలి, అడుగున ఎర్రటి కొత్త కండ కనిపించాలి. అందుకు కొన్ని రోజులు ఆగాల్సిందే. తొందరపడితే మళ్లీ చీము పట్టి విడిపోవచ్చు.

గాయం పెద్దదై, శుభ్రపడి ఉంటే నా మొగ్గు కుట్టడానికే. చిన్నదైతే తెరిచి ఉంచడం చాలు. షుగర్ అదుపులోకి రాకపోతే కుట్టడానికి తొందరపడకూడదు. పొట్ట గోడలోని గట్టి పొర విడిపోయినా, చర్మం నల్లబడి నొప్పి విపరీతంగా పెరిగినా ఈ పోలికకు తావు లేదు, వెంటనే ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లాలి.