ట్యూనప్‌లో ఏ స్పార్క్ ప్లగ్ మేలు: నికెలా, ప్లాటినమా, ఇరీడియమా?

ఇంజిన్ ట్యూనప్ అంటే ఒకప్పుడు పాయింట్లు సరిచేయడం, కార్బ్యురేటర్ సెట్ చేయడం, టైమింగ్ చూడటం. ఇప్పటి పెట్రోల్ కార్లలో ఆ పనులన్నీ ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, చూసుకుంటోంది. మనకు మిగిలినవి ఎయిర్ ఫిల్టర్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, స్పార్క్ ప్లగ్‌లు. ఫిల్టర్ మురికైతే మార్చేయడమే, అందులో ఆలోచించేదేమీ లేదు. ప్లగ్‌ల దగ్గరే చాలామంది తికమకపడతారు.

ప్లగ్ ఏదైనా చేసే పని ఒక్కటే: రెండు మొనల మధ్య స్పార్క్ పుట్టించి సిలిండర్‌లోని పెట్రోల్‌ను మండించడం. తేడా అంతా మొన ఎంత త్వరగా అరుగుతుందన్న దాంట్లోనే. స్పార్క్ పడిన ప్రతిసారీ మొన కాస్త కరుగుతుంది, మొనల మధ్య సందు (గ్యాప్) పెరుగుతుంది, ప్లగ్‌కు కరెంట్ పంపే కాయిల్ ఎక్కువ వోల్టేజ్ ఇవ్వాల్సి వస్తుంది. ఇది ముదిరితే ఇంజిన్ మిస్ కొడుతుంది. అలాగే నడిపితే కాలని పెట్రోల్ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి, దాన్ని వేడెక్కించి పాడుచేస్తుంది.

అందరూ కాపర్ ప్లగ్ అనేది నిజానికి నికెల్ ప్లగ్. రాగి లోపల ఉంటుంది, స్పార్క్ పడే చోట ఉండేది నికెల్ మిశ్రమం. మొన దాదాపు 2.5 మి.మీ. మందం. చవక. 30 నుంచి 50 వేల కిలోమీటర్లు వస్తుంది. డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో ప్లగ్‌కు వంతులవారీగా కరెంట్ పంచే పరికరం) ఉన్న పాత కారుకు నేను ఇదే వేయమంటాను.

ప్లాటినమ్ 1,768 డిగ్రీల దగ్గర గానీ కరగదు, అందుకే సుమారు లక్ష కిలోమీటర్లు నిలుస్తుంది. ఇందులో సింగిల్, డబుల్ అని రెండు రకాలున్నాయి. ఒకే కాయిల్ రెండు సిలిండర్లకు కలిపి స్పార్క్ ఇచ్చే కార్లలో, ఒక ప్లగ్‌లో కరెంట్ వెనక్కి దూకుతుంది. అప్పుడు మధ్య మొన కన్నా పక్క మొనే ఎక్కువ అరుగుతుంది. అలాంటి కారుకు రెండు మొనల మీదా ప్లాటినమ్ ఉన్న డబుల్ రకమే వేయాలి.

ఇరీడియం ఇంకా గట్టిది, 2,446 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. కాబట్టి మొనను 0.4, 0.6 మి.మీ. సన్నగా చేయగలుగుతారు. మొన సన్నగా ఉంటే తక్కువ వోల్టేజ్‌కే స్పార్క్ దూకుతుంది, చల్లటి ఇంజిన్ సులువుగా స్టార్ట్ అవుతుంది. అయితే పికప్ అమాంతం పెరుగుతుందన్న మాట నమ్మకండి. పాత ప్లగ్‌లు బాగా అరిగి ఉంటే కొత్త నికెల్ వేసినా ఆ తేడా తెలుస్తుంది.

మరి ఏది మేలు? కంపెనీ మీ కారుకు ఏది వేసి ఇచ్చిందో అదే. ఇరీడియంతో వచ్చిన కారుకు డబ్బు మిగులుతుందని నికెల్ వేయడం నాకు అస్సలు నచ్చని పని. లక్ష కిలోమీటర్ల లెక్కన పెట్టిన సర్వీస్ షెడ్యూల్‌ను నమ్ముకుని సగంలోనే ప్లగ్‌లు అరగ్గొడతాం. ఇక నికెల్‌తో వచ్చిన కారుకు ఇరీడియం అనేది ఒక్క సందర్భంలోనే లాభం: ప్లగ్‌లు చేతికి అందని చోట ఉన్నప్పుడు. అడ్డంగా బిగించిన కొన్ని వీ6 ఇంజిన్లలో వెనక వరస ప్లగ్‌ల కోసం ఇంజిన్‌లోకి గాలి పంపే ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పాలి. అంత పని పదేపదే ఎవరు చేస్తారు?

కంపెనీ మార్చి కొంటుంటే హీట్ రేంజ్ నంబర్‌ను (ప్లగ్ తన మొన వేడిని ఎంత త్వరగా బయటికి పంపుతుందో చెప్పే నంబర్) నేరుగా పోల్చకండి. ఎన్‌జీకే, డెన్సోలలో నంబర్ పెరిగితే వేడిని త్వరగా వదిలే కోల్డ్ ప్లగ్, బాష్‌లో నంబర్ పెరిగితే నెమ్మదిగా వదిలే హాట్ ప్లగ్. ఒక కంపెనీ ప్లగ్‌కు మరో కంపెనీలో సరిపోయేది ఏదో చూపే క్రాస్ రిఫరెన్స్ చార్ట్ చూసే కొనాలి. ఇరీడియం గ్యాప్ చూసేటప్పుడు నాణెంలా ఉండే గేజ్‌ను సందులోకి తోయకండి, సన్నటి మొన విరుగుతుంది. తీగ గేజ్ వాడండి.

ఇంజిన్ చల్లారాకే విప్పి, కొత్తవాటిని ముందు చేత్తో తిప్పి, తర్వాత మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి. పాత ప్లగ్‌లను సిలిండర్ల వరసలోనే పెట్టి చూడండి. లేత గోధుమరంగు అయితే ఇబ్బంది లేదు. పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది. ఆయిల్ తడి కనిపిస్తే మాత్రం ఖరీదైన ప్లగ్ కొనే ముందు ఆ ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవాలి. లేకపోతే ఇరీడియం కూడా కొద్ది రోజుల్లోనే మసి పట్టిపోతుంది.