పేటర్న్‌లు గుర్తుపట్టడానికి జావా లైబ్రరీ మేలా, పైథాన్ లైబ్రరీ మేలా?

మా రాయగడలో తెలుగిళ్ల పిల్లలకి ఒక విద్య చిన్నప్పుడే అబ్బుతుంది, పేరు వేరైనా వస్తువు అదేనని కనిపెట్టడం. మేం చద్దన్నం అనేదాన్ని పక్కింటి ఒడియావాళ్లు పఖాళ అంటారు, గిన్నె మూత తీస్తే సంగతి తెలిసిపోతుంది. దీనికి తిరకాసు కూడా ఉంది. మనకి పిల్ల అంటే ఆడపిల్లే, వాళ్ల పిలా మగపిల్లాడైనా కావచ్చు.

గుణుపురంలో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు మొన్న సెలవులకి వచ్చి, "మావయ్యా, 23 డిజైన్ పేటర్న్‌లూ బట్టీ పట్టాను గానీ కోడ్‌లో ఎదురుపడితే ఒక్కటీ ఆనడం లేదు, లైబ్రరీలు చూడమన్నారు, జావా చూడనా పైథాన్ చూడనా?" అన్నాడు. డిజైన్ పేటర్న్ అంటే కోడ్ రాసేటప్పుడు పదేపదే ఎదురయ్యే చిక్కుకి పేరు పెట్టి ఇచ్చిన పరిష్కారం. ఆ 23 లెక్క 1994లో నలుగురు కలిసి రాసిన పుస్తకం నుంచి వచ్చింది, అందులో ఉదాహరణలు సీ ప్లస్ ప్లస్‌లోనూ స్మాల్‌టాక్‌లోనూ ఉంటాయి కాబట్టి వాడి అవస్థలో వింతేం లేదు.

నా ఓటు జావాకే. కీబోర్డు నుంచి ఒక్క లైను చదవడానికి జావాలో రాసే చాంతాడంత వాక్యం చూడండి, బయట బఫర్డ్‌రీడర్, దాని కడుపులో ఇన్‌పుట్‌స్ట్రీమ్‌రీడర్, ఇంకా లోపల సిస్టమ్ డాట్ ఇన్. అందరూ విసుక్కునే ఆ లైనులోనే రెండు పేటర్న్‌లు పక్కపక్కన కూర్చున్నాయి. ఇన్‌పుట్‌స్ట్రీమ్‌రీడర్ బైట్ల స్ట్రీమ్‌ని తీసుకుని తాను అక్షరాల రీడర్‌గా నిలబడుతుంది, లోపలికి పోయింది ఒక రకం, బయటికొచ్చింది ఇంకో రకం, అంటే అడాప్టర్. బఫర్డ్‌రీడర్ అలా కాదు, రీడర్‌నే తీసుకుంటుంది, తానూ రీడరే, మధ్యలో బఫర్ ఒకటి తగిలిస్తుంది, అది డెకరేటర్. కన్‌స్ట్రక్టర్‌లో ఏం అడుగుతోంది, తాను ఏ రకం అని చెప్పుకుంటోంది, ఈ రెండూ చూస్తే చాలావరకు దొరికిపోతుంది. పేరుని నమ్మితే మాత్రం మునిగిపోతాం. జావా డాక్యుమెంటేషనే ఇన్‌పుట్‌స్ట్రీమ్‌రీడర్‌ని బైట్లకీ అక్షరాలకీ మధ్య 'బ్రిడ్జ్' అంటుంది, మావాడు అది చదివి, ఆ 23లో వేరే ఒకటైన బ్రిడ్జ్ పేటర్న్ అని నోట్సులో రాసేసుకున్నాడు! క్యాలెండర్ గెట్‌ఇన్‌స్టెన్స్ ఇంకో గొయ్యి. పేరు చూస్తే సింగిల్టన్, అంటే ప్రోగ్రామంతటికీ ఒకే ఒక్క ఆబ్జెక్ట్, అనిపిస్తుంది, కానీ పిలిచిన ప్రతిసారీ కొత్త ఆబ్జెక్ట్ ఇస్తుంది, పైగా థాయ్‌లాండ్ లొకేల్ (దేశం, భాష సెట్టింగు) ఇస్తే బౌద్ధ క్యాలెండర్ చేతిలో పెడుతుంది, అది సందర్భానికి తగ్గ ఆబ్జెక్ట్ తయారుచేసి ఇచ్చే ఫ్యాక్టరీ. అసలు సింగిల్టన్ కావాలంటే రన్‌టైమ్ గెట్‌రన్‌టైమ్ చూడాలి.

అయితే రకాలు చూసినా తేలనివి ఉంటాయి. కలెక్షన్స్ అన్‌మాడిఫయబుల్‌లిస్ట్ లిస్ట్ తీసుకుని లిస్టే ఇస్తుంది, మరి డెకరేటరేనా? అది కొత్తగా ఇచ్చేదేం లేదు, యాడ్ అంటే ఎక్సెప్షన్ మొహాన కొడుతుంది. గుమ్మంలో కాపలా కూర్చున్నట్టే కాబట్టి నేనైతే ప్రాక్సీ అంటాను, డెకరేటర్ అనేవాళ్లూ బోలెడుమంది, వైవాలో అడిగితే రెండూ చెప్పి ఎందుకో చెప్పమన్నాను.

పైథాన్‌లో ఇవేవీ లేవని కాదు, గోడలోపల పైపుల్లా ఉంటాయి. ఓపెన్ అని ఒక ఫైలు తెరవండి, వచ్చింది టెక్స్ట్‌ఐఓరాపర్, దాని డాట్ బఫర్ అడిగితే బఫర్డ్‌రీడర్, దానికి డాట్ రా అంటే ఫైల్‌ఐఓ. జావాలో చూసిన పొరలే, కాకపోతే వరస మారింది, ఇక్కడ బఫర్ బైట్ల దగ్గరే ఉండి అక్షరాల పొర పైకొచ్చింది. జావా చూసొచ్చినవాడికి ఇది పండగ, నేరుగా పైథాన్‌కి వచ్చినవాడు ఓపెన్ రాసి ముందుకెళ్లిపోతాడు, డాట్ బఫర్ అని ఎందుకు అడుగుతాడు? పొడవుని బట్టి వరస పెట్టమని సార్టెడ్‌కి కీగా లెన్ ఇవ్వడం స్ట్రాటజీయే, అంటే పని చేసే పద్ధతిని బయటి నుంచి అందించడమే, జావాలో కంపారేటర్ చేసే పనే, కానీ అక్కడ క్లాసూ లేదు, ఇంటర్‌ఫేసూ లేదు, ఒట్టి ఫంక్షన్. కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నార్విగ్ 1996లోనే చెప్పాడు, డైనమిక్ భాషల్లో (పైథాన్ ఆ కోవదే) ఆ 23లో 16 పేటర్న్‌లు తేలికైపోతాయి లేదా కనిపించకుండా పోతాయని. పని చేసుకునేవాడికి అది హాయి, గుర్తుపట్టడం నేర్చుకునేవాడికి కాదు.

పైథాన్‌లో మన పిల్ల, వాళ్ల పిలా గొడవ డెకరేటర్ దగ్గర వస్తుంది. పైథాన్‌వాళ్లు డెకరేటర్ అని పిలిచే ఎట్ గుర్తు 2004లో 2.4 వెర్షన్‌తో వచ్చింది, అది ఫంక్షన్‌ని నిర్వచించేటప్పుడే ఇంకోదాంట్లో చుట్టి పెడుతుంది. పుస్తకంలోని డెకరేటరేమో ప్రోగ్రామ్ నడుస్తుండగా ఆబ్జెక్ట్‌ని చుట్టే సంగతి. చుట్టరికం ఉంది గానీ ఒకటి కాదు. ఫంక్షన్ ఇచ్చిన జవాబుల్ని దాచిపెట్టే ఎల్‌ఆర్‌యూ క్యాష్ చూపించి డెకరేటర్ పేటర్న్ అని కళ్లు మూసుకుని రాయకండి.

ఒకే ఆబ్జెక్ట్‌ని పదిచోట్ల పంచుకుని వాడే ఫ్లైవెయిట్‌కి రెండూ సమానమే. జావాలో ఇంటీజర్‌లుగా రెండు 127లు పెట్టి డబుల్ ఈక్వల్స్‌తో పోలిస్తే ట్రూ, 128లు పెడితే సాధారణంగా ఫాల్స్, ఎందుకంటే మైనస్ 128 నుంచి 127 దాకా ముందే దాచిపెట్టిన ఆబ్జెక్టులే తిరుగుతుంటాయి. సీపైథాన్‌లో, అంటే మామూలుగా అందరూ వాడే పైథాన్‌లో, ఈ హద్దు మైనస్ 5 నుంచి 256.

జావా పట్టుకున్నవాళ్లకి ఒక్క మాట, ఆబ్జర్వర్ (ఒకచోట ఏదైనా జరిగితే చెప్పమన్నవాళ్లందరికీ కబురందించే పేటర్న్) కోసం ఆ పేరుతోనే ఉన్న పాత ఇంటర్‌ఫేస్ దగ్గరికి పోకండి, 2017లో జావా 9 దాన్ని డెప్రికేట్ చేసింది, అంటే ఇక వాడొద్దంది. జావాలో కిటికీలూ బటన్లూ తయారుచేసే స్వింగ్‌లో ఒక బటన్‌కి యాడ్‌యాక్షన్‌లిజనర్‌తో రెండు లిజనర్లు తగిలించి నొక్కి చూడండి, మావాడికి ఆబ్జర్వర్ అంటే ఏంటో తెలియడానికి అయిదు నిమిషాలు పట్టలేదు.