నెల్లూరులో పిలకాయల ఫిజియోథెరపీ: మూడు నెలలు తిరిగాక రాస్తున్నా

మా బాబు 31 వారాలకే పుట్టాడు, ఒకటిన్నర కిలో కూడా లేడు. ఐదో నెల నుంచి వారానికి రెండుసార్లు కావలి నుంచి బస్సులో నెల్లూరు తీసుకెళ్ళాం.

మొదటి రోజు ఫిజియోథెరపీ మేడమ్ వాడి మీద చెయ్యి వెయ్యకుండా ఐదు నిమిషాలు ఊరికే చూశారు. వెల్లకిలా పడుకోబెడితే కాళ్ళు రెండూ కప్పలా పక్కలకి పరుచుకునేవి, చేతులు భుజాల పక్కన వాలిపోయేవి. కడుపులో చివరి రెండు నెలలు చోటు ఇరుకై బిడ్డ ముడుచుకుని గోడని తన్నుతూ ఉంటాడట, కండలకి బిగువు అప్పుడే వస్తుందట, మావాడికేమో ఆ రోజులన్నీ ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో (ఇంక్యుబేటర్) గడిచిపోయాయి. "మీ పాలు చాలక కాదమ్మా, తొందరగా వచ్చేశాడు అంతే" అన్నారు. అప్పటిదాకా చుట్టాల చేత మాటలు పడ్డదాన్ని, అక్కడే ఏడ్చేశా.

వయసు కూడా డాక్టర్లు ఇచ్చిన డెలివరీ తేదీ నుంచి లెక్కేయమన్నారు. ఆ లెక్కన మావాడికి అప్పటికి 3 నెలలే! సగం టెన్షన్ అక్కడే పోయింది.

పాత నూలు చీర చుట్టి రొమ్ము కింద పెట్టి బోర్లా వేసేవారు, ఎదురుగా గిలక. మొదటి వారం మూడు లెక్కపెట్టేలోపే ముక్కు చీరలో పెట్టేసేవాడు. ఇప్పుడు పుట్టిన తేదీ లెక్కన 8 నెలలు, తనంతట తనే బోర్లా పడి గిలక కోసం చెయ్యి చాస్తున్నాడు.

మడమ వెనక తాడులా తగిలే టెండన్ ఉంది చూడండి, నెలలు నిండని పిల్లల్లో కొందరు తర్వాత మునివేళ్ళ మీద నడుస్తారట, అందుకని అరికాలిని అరచేతిలో పెట్టుకుని మెల్లగా పైకి వంచి ఆపడం నేర్పారు. నీళ్ళు పోసేటప్పుడు మా అత్త కాళ్ళు పట్టి లాగేది. ఆమెకీ "పెద్దమ్మా, మర్దన మానొద్దు, లాగడం ఒక్కటి మానండి" అని మర్యాదగా చెప్పారు. మా ఆడబిడ్డ తెచ్చిన వాకర్ మాత్రం అస్సలు వద్దన్నారు, అందులో పిల్లలు మునివేళ్ళతోనే తోసుకుంటారు. కెనడాలో అయితే పిల్లలకి దెబ్బలు తగులుతున్నాయని 2004లోనే నిషేధించారు.

బాగోలేనిది టైము. పదింటికి రమ్మంటే పదకొండున్నరకి పిలుస్తారు, నిద్రొచ్చి ఏడుస్తున్న బిడ్డకి ఏం చేయించినా ఒంటబట్టదు కదా. పైగా రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు.

వెళ్ళేవాళ్ళు చీర ఇంటి నుంచే పట్టుకెళ్ళండి, అక్కడి రెగ్జిన్ దిండు చల్లగా తగిలి పిల్లలు ఉలిక్కిపడతారు.