పీజీలోడర్‌తో మూడేళ్లు: పాత మండీ లెక్కలను కొత్త డేటాబేస్‌లోకి ఎట్లా తెచ్చానంటే

ఆదోనిలో పత్తి కమీషన్ మండీలకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేసిస్తుంటాను. పాత డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో అంతా ఒకటే టేబుల్. రైతు పేరు, ఊరు, తూకం, రేటు, అడ్వాన్సు ప్రతి బిల్లుకూ మళ్లీ టైపు చేసినవే. కొత్త డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో రైతులు, ఊళ్లు, తూకం చీటీలు, చెల్లింపులు అని విడివిడిగా కట్టుకున్నాక, పాత లెక్కలు ఎట్లా తేవాలన్న టెన్షన్ మొదలైంది. చివరికి దాన్ని తీర్చింది పీజీలోడర్, అంటే మైఎస్‌క్యూఎల్ డేటాను పోస్ట్‌గ్రెస్‌లోకి ఎక్కించే టూల్.

మొదటి మండీకి ఎక్సెల్ ద్వారా చేశాను. మీరు మాత్రం చేయకండి. డేటాను సీఎస్‌వీ ఫైలుగా తీసి ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే చాలు, ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, 12 అంకెలో అంతకు మించో ఉన్న ఖాతా నంబర్లు పనికిరాకుండా పోతాయి. డబ్బు వేయబోతూ షావుకారు ఆ నంబరు చూపిస్తే నాకు నోట మాట రాలేదు. రెండో మండీకి ఒక్కో వరుసా చేర్చే పైథాన్ స్క్రిప్టు రాశాను, రాత్రంతా నడిచి తెల్లారుజామున ఒక తప్పుడు తేదీ దగ్గర ఆగిపోయింది.

అప్పటి నుంచి పీజీలోడరే. పాత టేబుళ్లను ఉన్నవి ఉన్నట్టు ఒక పక్క స్కీమాలోకి (డేటాబేస్‌లోనే వేరే అర లాంటిది) దించుతుంది, 0000-00-00 లాంటి సున్నాల తేదీలను తనే నల్ (ఖాళీ) చేస్తుంది, తప్పు వచ్చినా ఆగొద్దని సెట్టింగ్ పెడితే ఇమడని వరుసలను వేరే ఫైల్లో పెట్టి మిగతా పని కానిస్తుంది. మైఎస్‌క్యూఎల్ 8తో మాత్రం యూజర్‌ను నేటివ్ పాస్‌వర్డ్ అనే పాత లాగిన్ పద్ధతికి మార్చేదాకా కనెక్ట్ కాలేదు. మన కొత్త డిజైన్ దానికి తెలీదు కాబట్టి అక్కడి నుంచి కొత్త టేబుళ్లలోకి పంపే ఇన్సర్ట్ సెలెక్ట్ క్వెరీలు మనమే రాసుకోవాలి. నాకు నచ్చింది కూడా అదే, అంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టుకుంటే, తప్పు దొరికినప్పుడు రోల్‌బ్యాక్ చేసి (చేసిందంతా వెనక్కి తీసుకుని), సరిదిద్ది పదిసార్లయినా నడపొచ్చు.

అసలు కష్టం రైతుల దగ్గర. ఉరుకుంద ఈరన్న స్వామి గుడి మా పక్కనే కదా, ఆ స్వామి పేరే పెట్టుకుంటారు, కౌతాళం, కోసిగి వైపు ఏ ఊళ్లో చూసినా ఈరన్నలే. పేరూ ఊరూ కలిశాయని ఒకటి చేస్తే ఒకరి అడ్వాన్సు ఇంకొకరి నెత్తిన పడుతుంది. ఫోన్ నంబరు కూడా కలిస్తేనే కలుపుతాను, మిగిలినవి ప్రింటు తీసి గుమాస్తా పక్కన కూర్చుంటాను. "ఈయన టైలర్ ఈరన్న సార్, ఆయన చెరువుకట్ట ఈరన్న" అని ఆయన చెబుతుంటే పెన్నుతో రాసుకుంటాను. ఒక్కో మండీకి రెండు రోజులు పడుతుంది, అయినా ఈ పని తొందరపడి చేయను.

పాత ఐడీలే తెచ్చుకుంటే, కొత్త ఐడీ నంబర్లు ఇచ్చే సీక్వెన్స్‌ను సెట్‌వాల్ ఫంక్షన్‌తో వాటి తర్వాతకు జరపండి. నేను మరిచిపోయినందుకు పొద్దున మొదటి బిల్లుకే డూప్లికేట్ కీ ఎర్రర్ వచ్చి బండ్లు నిలబడిపోయాయి. టేబుల్ అక్షరాల కోడ్ లాటిన్1 (ఇంగ్లీషు లాంటి లిపులది) అని ఉండి లోపల తెలుగు ఉంటే పేర్లన్నీ పిచ్చి గుర్తులుగా దిగుతాయి, ముందే ఒక కాపీ మీద ఆ కాలమ్‌ను బ్లాబ్ (ఉత్త బైట్లు) చేసి ఆపైన తెలుగు కూడా పట్టే యూటీఎఫ్8ఎంబీ4 కోడ్‌కు మార్చుకోవాలి.

మార్చే పని యార్డుకు సెలవున్న రోజే పెట్టుకుంటాను. ఏడాదివారీ క్వింటాళ్లు, రైతువారీ బాకీ పాత, కొత్త డేటాబేస్‌లు రెండింట్లోంచీ పక్కపక్కన తీసి, పైసాతో సహా కలిస్తేనే కొత్తది తెరుస్తాను. పాత స్కీమాను ఆ సీజన్ అయ్యేదాకా తీసేయను. రైతు పాత చీటీ పట్టుకుని వస్తే అసలు వరుస చూపించాల్సింది అందులోంచే.