బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో వారం రోజుల పడవ అద్దె: డబ్బుకి తగ్గ సేవేనా?

ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి, సరంగుని కూడా పెట్టుకుని వెళ్తే తగ్గ సేవే. నలుగురే వెళ్లి, తెరచాప ఎప్పుడూ ఎత్తని చేతులతో మీరే నడుపుదామనుకుంటే మాత్రం వద్దనే చెబుతాం.

కరీబియన్‌లో పడవ అద్దెకి ఈ దీవుల్లోని టోర్టోలా పాత కేంద్రం. 1969లో ద మూరింగ్స్ కంపెనీ ఆరు పడవలతో మొదలైంది ఇక్కడే. ఎక్కువ దీవులు సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ చానెల్‌కి అటూ ఇటూ ఉంటాయి, ఒక దీవి నుంచి చూస్తే తర్వాతది కంటికి ఆనుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు తూర్పు గాలి 15–20 నాట్ల (గంటకి సుమారు 28–37 కి.మీ.) వేగంతో నిలకడగా వీస్తుంది. అందుకే కొత్తవాళ్లకి ఇంతకంటే అనువైన నీళ్లు తక్కువ.

అద్దెకిచ్చేవి ఎక్కువగా 40–45 అడుగుల కాటమరాన్లు, అంటే జంట పొట్టల పడవలు. ఆ మాట తమిళ కట్టుమరం నుంచి పోయిందే. నాలుగు గదులు, గదికో బాత్రూం, ఒడ్డుకి వెళ్లి రావడానికి వెనక డింగీ అనే చిన్న పడవ. పడవ ఒక్కటే తీసుకుంటే సీజన్‌లో వారానికి సుమారు 8,000 నుంచి 12,000 డాలర్లు. సరంగుకి రోజుకి 250–300, ఆయన భోజనం, టిప్పు వేరే. వంటమనిషితో సహా అన్నీ వాళ్లే చూసుకునే ప్యాకేజీ రెండింతలు దాటుతుంది. దీనిపైన డ్యామేజీ ఇన్సూరెన్సు, క్రూయిజింగ్ పన్ను, రాత్రి మూరింగుకి (పడవ కట్టుకునే చోటుకి) 40–55 డాలర్లు. కొటేషన్ అడిగినప్పుడే ఇవన్నీ కలిపి ఇమ్మనండి.

పడవ అప్పగించే రెండు గంటలే ఈ సేవకి అసలు పరీక్ష. అక్కడ తొందరపెట్టే కంపెనీ అయితే వారమంతా ఇబ్బందే. సామాన్లు సర్దుకోవడం ఆపి, ఇద్దరు పెద్దవాళ్లు టెక్నీషియన్ వెంటే తిరగండి. ఇంజిన్ ఆన్ చేయించి విండ్‌లాస్‌తో (లంగరు గొలుసు లాగే మోటారుతో) పది మీటర్ల గొలుసు దింపి పైకి లాగించండి. లోడు ఎక్కువై బ్రేకర్ పడిపోవడం మామూలే, ఆ బ్రేకర్ ఏ మూల ఉందో అప్పుడే చూసుకోవాలి. ప్రతి బాత్రూం పంపూ నడిపించండి. డింగీ మోటారుని ఆపేసే తాడు, అంటే కిల్ కార్డ్ లాగి, అది ఆగుతోందో లేదో చూడండి. గీతలూ సొట్టలూ అన్నీ ఫొటో తీయండి.

మూరింగ్ బాల్ (పడవ కట్టుకోవడానికి సముద్రం అడుక్కి బిగించి, పైన తేలే బంతి) పట్టుకోవడంలోనే ఎక్కువమంది తడబడతారు. పడవ ముక్కు గాలికి ఎదురుగా పెట్టి, నడక వేగంకన్నా నెమ్మదిగా వెళ్లాలి. ముందున్న మనిషి కొక్కెం కర్రతో తాడు అందుకోగానే రెండు వేర్వేరు తాళ్లు వాడాలి: ఎడమ క్లీట్ (తాడు చుట్టి కట్టే కొమ్ము) నుంచి మన తాడుని బాల్ తాడు చివరి కంట్లోంచి (ఉచ్చులోంచి) దూర్చి మళ్లీ ఎడమ క్లీట్‌కే, కుడిది కుడికే. ఒకే తాడుని ఎడమ నుంచి కుడికి దూర్చేస్తే, పడవ రాత్రంతా అటూ ఇటూ ఊగుతుంటే ఆ తాడు కంట్లో రంపంలా కోసుకుపోతుంది. కట్టాక ఈత కళ్లద్దాలు పెట్టుకుని నీళ్లలోకి దిగి బాల్ కింద బిగించిన ఇనుప కొండీ (షాకిల్) చూసి రండి. మంచి చోట్ల బాల్స్ మధ్యాహ్నానికే నిండిపోతాయి. రెండు గంటలకల్లా చేరడం అలవాటు చేసుకోండి. దొరక్కపోతే లంగరే. కనీసం లోతుకి ఐదింతల గొలుసు వదలాలి.

ఇక్కడ తరచూ జరిగే ప్రమాదం డింగీ తాడుదే. వెనక్కి నడిపేటప్పుడు ఆ తాడు పొడుగ్గా వదిలేస్తే ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. రివర్స్ గేరు వేసేముందు దాన్ని దగ్గరకి లాగి పట్టుకునే పని ఒక్కరికే అప్పగించండి.

దారి విషయానికొస్తే, మొదటి రోజు నార్మన్ దీవి చాలు. గుహల దగ్గర స్నార్కెలింగ్ (గొట్టంతో గాలి పీలుస్తూ నీటి లోపల చూడటం) పిల్లలకి కూడా సులువే. సాల్ట్ దీవి పక్కన 1867 తుపానులో మునిగిన ఓడ ఆర్‌ఎంఎస్ రోన్ ఉంది. అక్కడి పార్కు మూరింగులకి 90 నిమిషాలే గడువు. వర్జిన్ గోర్డాలో ద బాత్స్‌కి ఎనిమిదింటికల్లా చేరాలి. ఇంటంతేసి గ్రానైట్ బండల మధ్య మోకాళ్లలోతు నీళ్లలో నడుస్తుంటే, ఎండ సందుల్లోంచి పడి నీళ్లు పచ్చగా వెలుగుతాయి. పది దాటాక ఆ సందుల్లో క్యూ ఉంటుంది. చలికాలంలో ఉత్తర అట్లాంటిక్ తుపాన్ల అలలు ఇక్కడికీ టోర్టోలా ఉత్తర తీరంలోని కేన్ గార్డెన్ బేకీ వచ్చి కొడతాయి. అలాంటి రోజుల్లో దక్షిణం వైపు తీరాలే నయం.

అనెగాడా వేరే లెక్క. మిగతావి కొండలైతే ఇది పగడపు దీవి, ఎత్తు తొమ్మిది మీటర్లు కూడా లేదు. దగ్గరికొచ్చేదాకా చెట్ల కొసలే కనిపిస్తాయి. చుట్టూ ఉన్న హార్స్‌షూ రీఫ్ ఎన్నో ఓడల్ని మింగింది. సూర్యుడు నెత్తిమీదున్నప్పుడే వెళ్లాలి, లోపలికి పోయేటప్పుడు ఎర్ర బోయాలు (దారి చూపే తేలే గుర్తులు) కుడిచేతివైపు ఉండాలి. అక్కడి లాబ్‌స్టర్ కోసం మధ్యాహ్నమే రేడియోలో చెప్పి ఉంచండి. సరంగు లేకుండా ఇటు వెళ్లొద్దు.

నీళ్ల గురించి కాస్త గట్టిగా చెప్పాలి. ట్యాంకులో పట్టేది ఏడెనిమిది వందల లీటర్లే. ఎనిమిది మంది ఇంట్లోలాగా స్నానం చేస్తే మూడో రోజుకే అడుగంటుతుంది. సముద్రంలో మునిగి, సబ్బు రాసుకుని, వెనక మెట్ల దగ్గర షవర్‌తో ఒక్కసారి కడుక్కుంటే వారం గడుస్తుంది. వాటర్‌మేకర్ (సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే యంత్రం) ఉన్న పడవ దొరికితే ఇంకాస్త ఎక్కువైనా తీసుకోండి.

శాకాహారులు దీవుల్లో హోటళ్ల మీద ఆధారపడకండి. బియ్యం, పప్పు, కూరగాయలు టోర్టోలాలోని రోడ్ టౌన్‌లోనే కొనుక్కోవచ్చు. పొడులు, సీలు వేసిన పచ్చళ్లు, చిన్న కుక్కరు వెంట తెచ్చుకోండి. రోటీ దొరికితే వదలొద్దు. ట్రినిడాడ్, గయానాలకి కూలీలుగా వెళ్లిన మనవాళ్ల వంట అది, కూర లోపల పెట్టి చుట్టి ఇస్తారు.

అమెరికాలో ఉండేవాళ్లు వీసా సంగతి ముందే చూసుకోండి. పక్కనున్న సెయింట్ థామస్ దీవి అమెరికా భూభాగం, టోర్టోలా కాదు. పాస్‌పోర్టులో స్టాంపు గడువు తీరిన హెచ్-1బి వాళ్లు ఫెర్రీ ఎక్కి టోర్టోలా చేరితే కొత్త స్టాంపు లేకుండా తిరిగి రాలేరు.

వెళ్లడానికి ఏప్రిల్, మే నెలలు మేలు. గాలి మెత్తబడుతుంది, అద్దె తగ్గుతుంది. క్రిస్మస్ రోజుల్లో గాలి 25 నాట్లు దాటొచ్చు. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు తుపాన్లకి అసలైన కాలం, 2017 సెప్టెంబరులో ఇర్మా వచ్చి ఇక్కడి పడవల్ని ఒడ్డున గుట్టలుగా పడేసింది. చివరి రాత్రి బేస్‌కి (కంపెనీ రేవుకి) గంట ప్రయాణంలో ఉండే చోటే ఆగండి. పడవ తిరిగి అప్పగించే వేళ దాటితే జరిమానా పడుతుంది, డీజిల్ బంకు దగ్గర ఉదయం పూట వరస ఎలాగూ ఉంటుంది.