కాంటన్‌లో ఒక లైన్‌మన్ తండ్రి

మా పెద్దాడు హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో లైన్‌మన్ అని చెప్పగానే, తెనాలి నుంచి వచ్చిన మా నాన్న "చదువుకునే పిల్లాడితో కరెంటు స్తంభాలు ఎక్కించడమేమిట్రా?" అన్నారు. అందరం నవ్వాం గానీ పోలిక భలే కుదిరింది. కరెంటు పోతేనే కదా మనకు లైన్‌మన్ గుర్తొచ్చేది. ఈ ఆటలోనూ అంతే. బంతి విసిరేవాడి మీదికి ఎదుటివాళ్లు రాకుండా అడ్డుగా నిలబడే ఐదుగురు లైన్‌మన్‌లలో ఎవరైనా ఎదుటివాణ్ని పట్టి లాగితే రెఫరీ మైకులో నంబరు చదువుతాడు. బాగా ఆడితే మాత్రం స్కోరు లెక్కల్లో పేరుండదు. నేనూ తక్కువ తినలేదు. పోయిన సీజన్లో నేను తీసిన వీడియోలన్నీ బంతి వెంటే పరిగెత్తాయి, మావాడు ఒక్కదాంట్లోనూ సరిగ్గా లేడు. ఆ తప్పు దిద్దుకుందామనే జులైలో ఒహాయోలోని కాంటన్ ప్రయాణం పెట్టాను.

మా కొలంబస్ నుంచి కారులో రెండు గంటలు. 1920లో అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పునాది పడింది ఈ ఊళ్లోనే, ఒక కార్ల షోరూమ్‌లో. గొప్ప ఆటగాళ్లని ఎన్నుకుని విగ్రహం పెట్టే ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌ని 1963లో ఇక్కడే తెరిచారు. టికెట్లు మా నలుగురికి కాస్త బరువే, పార్కింగ్‌కి వేరే కట్టాలి. అయినా కంచు విగ్రహాల గదిలోకి వెళ్లాక డబ్బు సంగతి మర్చిపోయాం. మసక వెలుగులో వరసగా తలలు. నాన్న గొంతు తగ్గించి "చెప్పులు విప్పాలేమో" అన్నారు.

మావాడు ముందుగా జో థామస్ దగ్గరికి వెళ్లాడు. క్లీవ్‌లాండ్ జట్టులో వరసగా 10,363 స్నాప్‌లు, అంటే బంతి ఆటలోకి వచ్చిన ప్రతిసారీ, ఒక్కటీ వదలకుండా ఆడిన మనిషి. 2023లో మొదటి అవకాశంలోనే ఎంపికయ్యాడు. "మరి లైన్‌మన్‌లకీ చోటిస్తున్నారుగా!" అన్నాను. వాడు జవాబు చెప్పకుండా గ్రీన్ బే లైన్‌మన్ జెర్రీ క్రేమర్ ముందుకు లాక్కెళ్లాడు. 1967 డిసెంబర్ 31న, గ్రీన్ బేలో మైనస్ 25 డిగ్రీల చలిలో, ఆఖరి క్షణాల్లో డల్లాస్ వాళ్లని తోసి దారి చేసినవాళ్లలో ఇతనొకడు. ఆ దారిలో దూరి గెలిపించిన బార్ట్ స్టార్, ఆ జట్టులో బంతి విసిరేవాడు, 1977లోనే ఈ గదికి చేరాడు. క్రేమర్‌ని పిలిచేసరికి 2018 వచ్చింది, ఆయనకి 82 ఏళ్లు నిండాయి.

లైన్‌మన్ జో జాకోబీకి ఆ పిలుపు కూడా లేదు. కొత్త కుర్రాళ్లని జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని కుర్రాడు వాషింగ్టన్‌ జట్టులో చేరి మూడు సూపర్ బౌల్‌లు, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచాడు. అతని పక్కనే ఆడిన రస్ గ్రిమ్ విగ్రహం మాత్రం 2010 నుంచి ఉంది. మయామీ లైన్‌మన్ బాబ్ క్యూషెన్‌బర్గ్ ఎనిమిదిసార్లు ఫైనలిస్టుల దాకా వచ్చి, ఎన్నిక కాకుండానే 2019లో కన్నుమూశాడు. ఒక జట్టు లైన్‌కి ఒకరో ఇద్దరో చాలన్న లెక్కేదో ఓటర్ల మనసులో ఉందని నా అనుమానం. నిజమైతే అది అన్యాయం, ఆ ఐదుగురూ గోడలా కలిసి ఆడేవాళ్లే. అలాగని మంచి జట్టులో ఉన్న ప్రతివాడికీ విగ్రహం పెట్టమనను. ఎన్నికకి 80 శాతం ఓట్లు కావాలి, కావాల్సిందే. జాకోబీకి మాత్రం నా ఓటు ఉండేది.

బస సంగతి. హైవే పక్కన ఒక హోటల్‌లో దిగాం, పేరెందుకులెండి. ఏసీ రాత్రంతా లారీలా మోగింది. ఫ్రిజ్ ఉందన్నారు, అది చల్లబడదు, మా పెరుగన్నం పులిసిపోయింది. పొద్దున శాకాహారులకి వాఫుల్స్, అరటిపండ్లే దిక్కు. పులిహోర కలిపి తీసుకెళ్లండి. ఒక్కరోజులో వెళ్లి వచ్చేయొచ్చు కూడా, రాత్రి ఉండక్కర్లేదు.

దగ్గర్లోనే ప్రెసిడెంట్ మెకిన్లీ సమాధి. సరిగ్గా 108 మెట్లు! మోకాళ్ల నొప్పులంటూనే నాన్న రెండుసార్లు ఆగి పైదాకా ఎక్కారు. పైన కూర్చుని మనవణ్ని నంబరెంత, ఎటు పక్క నిలబడతావు అని అడిగి తెలుసుకున్నారు.

ఆయన తిరుగు ప్రయాణం ఆగస్టు 10న. మావాడి మొదటి ఆట ఆ నెలాఖరులో. టికెట్ మార్చుకోవడానికి ఎంతవుతుందో కనుక్కోమన్నారు.