రంగేసిన బ్లాకు, జిడ్డు పట్టిన గేర్‌బాక్సు: హెర్షీ సంతలో నాలుగు రోజులు

శుభ్రంగా తోమి, పచ్చరంగు కొట్టి, కొత్తదానిలా మెరిసే పాత కారు ఇంజిన్ బ్లాకు, అంటే సిలిండర్లుండే ఇనుప మొద్దు, ఎవరైనా చూపిస్తే కొనకండి. 700 డాలర్లు పోసి అలాంటిదొకటి మోసుకొచ్చాం. మెషీన్ షాపులో వేడి ట్యాంకులో ముంచి, పగుళ్ళు పట్టే మాగ్నాఫ్లక్స్ పరీక్ష చేయించడానికి ఇంకో 225 అయింది. రంగు ఊడేసరికి రెండు పగుళ్ళు బయటపడ్డాయి. మొత్తం 925 డాలర్లు నేలపాలు. సంతలో దొరికిన మిగతావన్నీ బంగారంలాంటివే. కానీ పాత భాగాలు కొనడానికి వెళ్ళేవాళ్ళకి ముందుగా చెప్పాల్సింది ఈ బ్లాకు గురించే.

పెన్సిల్వేనియాలోని హెర్షీ అంటే చాలామందికి చాక్లెట్ ఊరు. చాక్లెట్ అవెన్యూలో వీధిదీపాలు కూడా చాక్లెట్ ఆకారంలోనే ఉంటాయి. పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళకి మాత్రం అది ఏటా అక్టోబరు మొదట్లో జరిగే సంత. అక్కడి వినోద పార్కు చుట్టూ ఉన్న మైదానాల్లో వేల కొద్దీ దుకాణాలు పరుస్తారు. చూడ్డానికి ప్రవేశ రుసుము లేదు, పార్కింగ్‌కి మాత్రం డబ్బు కట్టాలి. న్యూజెర్సీ ఎడిసన్ నుంచి 78వ నంబరు హైవే మీద రెండున్నర గంటల దారి. డెలావేర్ నది వంతెన దగ్గర వెళ్ళేటప్పుడే టోలు, వచ్చేటప్పుడు లేదు. చిన్న ట్రైలర్ అద్దె రోజుకి 30, రానుపోను పెట్రోలు 94 డాలర్లు. దారిలో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు.

వెళ్ళింది ముగ్గురం: నేను, మా బావ, కొడుకు దగ్గరికి వచ్చి ఉన్న మా బాబాయి. బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫయ్యేళ్ళు లేత్ నడిపిన మనిషి. ఇంగ్లీషు అంతగా రాకపోయినా, ఇనుము చూస్తే దాని చరిత్ర చెప్పగలడు.

కావాల్సినవి ఇవి. 1931 మోడల్ ఏ ఫోర్డ్ బాడీ, ఛాసీ ముందే ఉన్నాయి. దాని అసలు ఇంజిన్ నాలుగు సిలిండర్లది, 40 హార్స్‌పవర్. దాని స్థానంలో ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వి8, అంటే ఎనిమిది సిలిండర్ల పాత ఇంజిన్, పెట్టాలి. దానికి 1939 గేర్‌బాక్సు, 1940 హైడ్రాలిక్ బ్రేకులు, 1948-52 ఎఫ్-1 పికప్ స్టీరింగ్ బాక్సు, రెండు స్ట్రాంబర్గ్ 97 కార్బురేటర్లు. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళు ఎండిన సరస్సుల మీద పందేల కోసం పాత ఫోర్డుల మడ్‌గార్డులు ఊడదీసి, తర్వాతి మోడళ్ళ మంచి భాగాలు తెచ్చి బిగించేవారు. హాట్ రాడ్ పుట్టింది అలాగే. అందుకే ఈ భాగాలు చాలావరకు ఒకదానికొకటి అతుకుతాయి. చాలావరకే, అన్నీ కాదు.

ఇక బ్లాకు సంగతి. అది 8బిఏ, అంటే 1949-53 కార్లలో వచ్చిన రకం. బోరు, అంటే పిస్టన్ ఆడే రంధ్రం, 3 3/16 అంగుళాలు, పైమూతని హెడ్ అంటారు, ఒక్కోదానికి 24 బోల్టులు. ఫ్లాట్‌హెడ్‌లో వాల్వులు బ్లాకులోనే ఉంటాయి. ఎగ్జాస్ట్ పొగ బ్లాకు లోపల నీటి గదుల మధ్యనుంచి దూరి బయటికి పోతుంది. పైగా ఒక్కో పక్క నాలుగు సిలిండర్లకి మూడే ఎగ్జాస్ట్ దారులు, మధ్యలో ఉన్న రెండూ ఒకే దారి పంచుకుంటాయి. ఆ వేడికి వాల్వ్ సీటు (వాల్వు ఆనే అంచు) నుంచి బోరు వైపు పగులుతుంది. చలికాలం నీళ్ళు గడ్డకడితే బయటి గోడ కూడా చీలుతుంది. బోల్టు రంధ్రం నుంచి నీటి రంధ్రానికి పాకే చిన్న గీత చాలా బ్లాకుల్లో ఉంటుంది, దాంతో బండి నడుపుకోవచ్చు. వాల్వ్ సీటు నుంచి బోరులోకి దిగిన పగులు అలా కాదు. దానికి పిన్నులతో కుట్టాలి, బోరులో స్లీవ్ అనే కొత్త గొట్టం వేయాలి. మా బ్లాకులో ఉన్నది ఆ రెండో రకమే. బాగు చేయడానికి 900 అడిగారు.

అమ్మినతను "మాగ్నాఫ్లక్స్ అయింది, పగులు లేదు" అని మూడుసార్లు చెప్పాడు. ఏ షాపులో చేయించావంటే పేరు చెప్పలేదు. బాబాయి బ్లాకు చుట్టూ ఒక్కసారి తిరిగి, "అబ్బాయ్, అమ్మే ఇనుముకి రంగు ఎందుకేస్తారు? ఇంజిన్ బిగించాక కదా వేసేది" అన్నాడు. "నువ్వు ఊరుకో బాబాయ్, ఇక్కడివాళ్ళు మాటమీద నిలబడతారు" అన్నాడు బావ. నేనూ బావ మాటే విన్నాను. ఆ సాయంత్రమంతా బాబాయి మాతో మాట్లాడలేదు.

అక్కడికక్కడే చేయగలిగిన పరీక్షలున్నాయి. ఒక వైరు బ్రష్షు, బ్రేక్ క్లీనర్ డబ్బా, గట్టి టార్చి, దారం కట్టిన చిన్న అయస్కాంతం తీసుకెళ్ళండి. వాల్వ్ సీట్ల మధ్య, బోరు అంచున రెండంగుళాల మేర రంగు గీకి, క్లీనర్ కొట్టి, గుడ్డతో తుడవండి. పగులుంటే లోపల ఇంకిన క్లీనర్ ఆరేటప్పుడు సన్నని నల్ల గీతలా చెమరుస్తుంది. పక్క గోడల మీద అయస్కాంతం పట్టు ఎక్కడైనా తగ్గితే అక్కడ పుట్టీ నింపారని అర్థం. గీకనివ్వనంటే వెనక్కి తిరిగి నడవండి. ఇంకో మాట: రాతపూర్వకంగా "పగులుంటే డబ్బు వాపసు" అని రసీదు మీద రాయించుకోండి. నిజాయితీపరుడు వెంటనే రాసిస్తాడు. మేం అడగలేదు.

ఫోర్డ్ కంపెనీదే అయిన మెర్క్యురీ కారు క్రాంకు (పిస్టన్లకి తగిలించి ఉండే వంపుల ఇరుసు) ఉందంటూ ఎక్కువ ధర చెప్పేవాళ్ళూ కనబడతారు. హెడ్ తీసి ఉంటే తేల్చడం తేలిక. క్రాంకు తిప్పి పిస్టన్ పైనుంచి కిందికి ఎంత దిగిందో కొలవండి. 3 3/4 అంగుళాలైతే ఫోర్డ్, 4 అంగుళాలైతే 1949-53 మెర్క్యురీ.

8బిఏ పాత గేర్‌బాక్సుకి నేరుగా కుదరదు. 1948 దాకా వచ్చిన బ్లాకులకి బెల్ హౌసింగ్ (ఇంజిన్‌ని గేర్‌బాక్సుకి కలిపే గంట ఆకారపు తొడుగు) బ్లాకుతోనే పోత పోసి ఉంటుంది, దీనికి విడిగా ఉంటుంది. 8బిఏ కాలపు ఫోర్డ్ ట్రక్కు బెల్ హౌసింగ్, దానికి సరిపోయే ఆయిల్ పాన్ సంపాదిస్తే పాత గేర్‌బాక్సు బిగుస్తుంది. నీటి పంపులు కూడా ట్రక్కువే తీసుకోండి. ఇంజిన్‌ని ముందు మోసేవి ఆ పంపుల కాళ్ళే, కార్ల పంపుల కాళ్ళు పాత ఫ్రేముకి సరిపడవు. బెల్ హౌసింగ్ 120, పంపులు జత 80. ఇవి జిడ్డుతో ఉన్నాయి, ఒక్క లోపం లేదు.

బస గురించి చెప్పకుండా వదలను. నాలుగు నెలల ముందే ఊరికి పది మైళ్ళ దూరంలో ఒక మోటెల్‌లో రాత్రికి 129 చొప్పున 3 రాత్రులు బుక్ చేశాం. చేరేసరికి రాత్రి 9 దాటింది. కౌంటర్‌లో ఉన్న మనిషి ఆ బుకింగ్ కనపడడంలేదని, ఈ వారం రేటు 219 అని చెప్పాడు. ఈమెయిల్ చూపిస్తే అది పాత రేటు అన్నాడు. అలసిపోయిన బాబాయిని పెట్టుకుని ఆ వేళ ఇంకెక్కడికి వెళ్తాం? 657 డాలర్లు, పన్ను అదనం. గదిలో హీటర్ పనిచేయలేదు. అక్టోబరు రాత్రులు అక్కడ బాగా చలి. అదనపు దుప్పటి అడిగితే ఒకటే ఇచ్చారు, అది బాబాయికి కప్పాం. వెళ్ళేరోజు బాత్‌టబ్బులో జిడ్డు మరక ఉందని ఇంకో 150 కార్డులోంచి లాగారు. మరక నిజమే, కార్బురేటర్లు అందులోనే కడిగాం, అది మా తప్పు. దానికి 150 మాత్రం అన్యాయం. బావ ఎడిసన్ చేరేదాకా ఆ 150 గురించే మాట్లాడాడు. ఈసారి వెళ్తే తూర్పున లెబనాన్‌లో దిగుతాం. బుక్ చేసిన వారానికి ఫోన్ చేసి రేటు మళ్ళీ రాయించుకుంటాం. భాగాలు గదిలోకి తేవద్దు, ట్రైలర్‌లోనే టార్పాలిన్ కింద తాళం వేసి ఉంచండి.

గురువారం పొద్దున దొరికిన గేర్‌బాక్సు ఆ బాధంతా మరిపించింది. ఒక ముసలి దంపతులు మడత కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ముందు అట్టపెట్టె మీద 1939 గేర్‌బాక్సు, దానిమీద అరంగుళం మందాన ఎండిన జిడ్డు. తెరవచ్చా అంటే ఆయనే స్పానర్ ఇచ్చాడు. ఆవిడ చేతులు తుడుచుకోమని పాత తువ్వాలు ఇచ్చింది. పైమూత ఊడదీశాం. చూడాల్సినవి: కింది క్లస్టర్ గేరులో మొదటి గేరు, రివర్స్ పళ్ళ అంచులు విరిగాయా, రెండో గేరు సింక్రో (గేరు గరగరలాడకుండా పడేట్టు చేసేది) ఇత్తడి రింగు అరిగి నున్నబడిందా, ముందు షాఫ్ట్ పట్టుకుని ఊపితే ఆడుతోందా, కేసు చెవులు (బోల్టులు దూరే చోట్లు) పగిలాయా. బాబాయి వేలితో ఒక్కో పన్నూ తడిమి, "దీన్ని వదలొద్దు" అన్నాడు. 475 చెప్పి 425కి ఇచ్చారు. 1939 బాక్సు కోరుకోవడానికి కారణం దాని మెరుగైన సింక్రో, నేలమీద ఉండే గేరు రాడ్డు. 1940 నుంచి ఫోర్డ్ కార్లకి గేరు రాడ్డు స్టీరింగ్ స్తంభానికి మారింది. ఇందులో జీఎల్-5 రకం గేరు నూనె పోయకండి. అందులోని రసాయనాలు ఇత్తడిని తినే ప్రమాదముంది.

బ్రేకుల దగ్గర జాగ్రత్త. ఫోర్డ్ 1939లో హైడ్రాలిక్ బ్రేకులు తెచ్చింది. అయితే 1936-39 చక్రాల బోల్టు వలయం 10 1/4 అంగుళాలు, 1940-48ది 5 1/2. మోడల్ ఏ చక్రాలది కూడా 5 1/2. కాబట్టి 1940 డ్రమ్ములు తీసుకుంటే పాత చక్రాలకి బోల్టు వలయం సరిపోతుంది. బ్యాకింగ్ ప్లేట్లతో (బ్రేకు భాగాలు బిగించే పళ్ళేలతో) సహా నాలుగు చక్రాల సెట్టు 360. డ్రమ్ము లోపలి వ్యాసం 12 అంగుళాలు. వెర్నియర్‌తో కొలిచి, 12.060 దాటితే వదిలేయండి. మోడల్ ఏ స్పిండిల్ (ముందు చక్రం తిరిగే ఇరుసు) మీద ఈ ప్లేటు మధ్యలో కుదురుకోదు, రింగు పెట్టి నడిమికి తేవాలి, బేరింగ్‌కి స్పేసర్ కావాలి. 1937-41 స్పిండిల్స్ దొరికితే ఆ తిప్పలుండవు. యాక్సిల్‌తో సహా తీసుకునేటట్టయితే స్ప్రింగ్ పెర్చ్ (స్ప్రింగు తగిలించే బోల్టు) దూరే చోట మందం కొలవండి. సంవత్సరాన్ని బట్టి మారుతుంది, యాక్సిల్‌ని పట్టి ఉంచే మన విష్‌బోన్ రాడ్డులో పట్టకపోతే గ్రైండింగ్ తప్పదు.

స్టీరింగ్ బాక్సు 175. దాన్ని చివరినుంచి చివరికి తిప్పి చూడండి. అరిగేది ఎప్పుడూ మధ్యలోనే, ఎందుకంటే బండి ఎక్కువగా తిన్నగానే పోతుంది. మధ్యలో ఆట ఉందని స్క్రూ బిగిస్తే చివర్లలో పట్టేస్తుంది. అలాంటిదానికి లోపలి మరలాంటి వర్మ్ గేరు మార్చాల్సిందే.

కార్బురేటర్లు ఒకటి 180, ఒకటి 140. బౌల్ (పెట్రోలు నిలిచే గిన్నె) మీద పోతలోనే 97 అని ఉబ్బెత్తుగా ఉండాలి. వెంచురి, అంటే గాలి దూరే సన్నని గొంతు, 0.97 అంగుళాలు, ఆ పేరు దాన్నుంచే వచ్చింది. 48, 81 అంకెలున్నవి వేరే కొలతలవి, జతకి పనికిరావు. అడుగుభాగాన్ని అద్దం ముక్కమీద పెట్టి వంగిందేమో చూడండి. వంగితే గాలి పీల్చి, బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ నిలకడగా తిరగదు. థ్రాటిల్ షాఫ్ట్ వదులుగా ఆడితే బుష్ వేయాలి, లేత్ ఉన్నవాళ్ళకి గంట పని. పెట్రోలు ఒత్తిడి చదరపు అంగుళానికి 3 పౌండ్లు దాటితే లోపలి సూది వాల్వు ఆపలేదు, పెట్రోలు పొంగిపోతుంది. కొత్త ఎలక్ట్రిక్ పంపు పెడితే రెగ్యులేటర్ తప్పనిసరి.

వెనక యాక్సిల్ 1940ది శుక్రవారం దాకా ఆగి కొన్నాం. బుధవారం 400 అన్నది శుక్రవారం పదకొండింటికి 250 అయింది. బరువైన ఇనుమును ఇంటికి మోసుకెళ్ళడం ఎవరికీ ఇష్టముండదు. పెద్ద బరువులకి శుక్రవారం, అరుదైన చిన్నవాటికి బుధవారం మంచివి. దీన్ని బిగించడంలో రెండు చిక్కులున్నాయి. మోడల్ ఏ స్ప్రింగు యాక్సిల్ నెత్తిన కూర్చుంటుంది, 1940ది యాక్సిల్ వెనక. స్ప్రింగు వేలాడే హ్యాంగర్లు మార్చాలి. 1940 వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 112 అంగుళాలు, మోడల్ ఏది 103 1/2. గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్ దాకా షాఫ్టుని కప్పి ఉండే టార్క్ ట్యూబు పొట్టి చేయక తప్పదు. ముందే కోయకండి. ఇంజిన్, గేర్‌బాక్సు బిగించి, బాడీ బరువు స్ప్రింగుల మీద పడ్డాక కొలిచి, ట్యూబునీ లోపలి షాఫ్టునీ అంతే మేర కోయాలి. షాఫ్టుకి లోపల స్లీవ్ పెట్టి వెల్డ్ చేసి, లేత్ మీద వంకర సరిచూడాలి. లేకపోతే 40 మైళ్ళ వేగంలోనే బండి వణుకుతుంది.

రేకు భాగాలు మాత్రం ఇక్కడ కొనవద్దు. ఈ ప్రాంతంలో చలికాలం రోడ్లమీద ఉప్పు చల్లుతారు, తలుపుల అడుగులు తుప్పు తిని ఉంటాయి. రేకు కావాలంటే పొడి వాతావరణమున్న కాలిఫోర్నియా పొమోనా సంత మేలు. 35 మైళ్ళ పడమర ఉన్న కార్లైల్ సంత తర్వాతి కాలపు బళ్ళకి మంచిది, 1948కి ముందు ఫోర్డ్‌కి హెర్షీయే.

మైదానంలో తిండి వేపుళ్ళు, సాండ్విచ్‌లే. బాబాయికి ఏదీ సహించలేదు. మొదటి రెండు రోజులూ ఇంటినుంచి తెచ్చిన పులిహోర కాచింది. మూడో రాత్రి హారిస్‌బర్గ్‌లో ఒక చిన్న నేపాలీ హోటల్ దొరికింది. వేడన్నం, పప్పు, ముల్లంగి పచ్చడి, ముగ్గురికీ 41 డాలర్లు. బాబాయి మారు వడ్డించుకుని, బ్లాకు కొన్నాక మొదటిసారి నవ్వాడు.

ఇప్పుడు ఆయన షెడ్డులో 1939 బాక్సు విప్పి బేరింగులు మారుస్తున్నాడు. ఇంకో 8బిఏ చూశాం, హెడ్లు ఊడదీసి ఉంది, నిండా జిడ్డు, 550 అంటున్నారు. శనివారం వెళ్తున్నాం. వైరు బ్రష్షు బాబాయి సంచీలో పెట్టేశాడు.